పంచింగ్ బ్యాగు: వేలాడేదా, నిలిచేదా?

మహారాష్ట్ర సరిహద్దు జిల్లా నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో న్యూఢిల్లీలోను ప్రపంచ బాక్సింగ్ విజేతగా నిలిచారు. ఆ ఆటపై మనసుపడిన పిల్లలకు ఇంట్లో పంచింగ్ బ్యాగు అమర్చదలచిన తల్లిదండ్రులు ధరకన్నా ముందు పైకప్పును చూడాలి.

వేలాడే బ్యాగు బరువు కొట్టేవారి బరువులో సుమారు సగం ఉండాలంటారు. అంటే 50 కిలోల పిల్లవాడికి 25 కిలోల బ్యాగు. గుద్దినప్పుడల్లా అది ఊగి, తన తూకానికి మించి కొక్కేన్ని లాగుతుంది. కనుక కాంక్రీటు స్లాబులో ఇనుప చువ్వలకు బిగించిన గట్టి కొక్కెం అవసరం. ఫ్యాను కొక్కెం పనికిరాదు. అది నాలుగైదు కిలోల ఫ్యాను కోసం పెట్టినది. పెంకుటింటి వాసాలకు, రేకుల కింది సన్నని పైపులకు ఎన్నడూ కట్టరాదు. అయితే ఊగి తిరిగివచ్చే బ్యాగు వల్ల పాదాల కదలిక, దూరపు అంచనా చక్కగా అలవడతాయి.

నిలువు బ్యాగుకు కప్పుతో పనిలేదు. అడుగునున్న తొట్టిని నీటితో గాని, ఇసుకతో గాని నింపాలి. ఇసుక నీటికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి ఎక్కువ నిలకడనిస్తుంది. పెద్దల బలమైన దెబ్బలకు ఈ బ్యాగు జరుగుతుంది, ఒరుగుతుంది; కొత్తగా నేర్చుకునే పిల్లలకు, అద్దె ఇళ్లవారికి మాత్రం అనుకూలం.

ఏది కొన్నా చుట్టూ మూడు నాలుగడుగుల ఖాళీ ఉంచండి. చేతులకు గుడ్డపట్టీ చుట్టి, గ్లవ్స్ తొడిగించండి. లేనిచో మణికట్టు బెణుకుతుంది. గట్టి స్లాబున్న ఇంటికి వేలాడే బ్యాగు, పెంకుటింటికి, రేకుల ఇంటికి నిలువు బ్యాగు తగినవి.