జంట వరం, జంట భారం

కేరళలో కవలల ఊరును చూసి లోకం ముచ్చటపడుతోంది. ఇద్దరిని మోసే తల్లికి మాత్రం తొలి నెలల నుంచే జాగ్రత్త అవసరం

ఊరి పొలిమేరలోని బోర్డు 'దేవుడి సొంత కవలల గ్రామం' అంటూ స్వాగతం పలుకుతుంది. అది కేరళలోని మలప్పురం జిల్లా కొడిన్హి. సుమారు 2,000 కుటుంబాల ఊరు. తమలాంటి జంటలు బడిలో ఎన్ని ఉన్నాయోనని ఇద్దరు కవల బాలికలు లెక్కపెట్టడంతో మొదలైన ఆరా ఊరంతా సాగింది. 2008లో తేలిన జంటలు 200 పైమాటే. దేశంలో వెయ్యి కాన్పులకు తొమ్మిది మించని కవల జననాలు అక్కడ 45 దాకా ఉంటాయని అంచనా.

ఇది సంతాన సాఫల్య చికిత్సల మహిమ కాదు. ఊళ్లో పెద్ద జంట పుట్టింది 1949లో. ప్రపంచంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది 1978లో. మరి నీళ్లా, తిండా, జన్యువులా? 2016లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ సహా పలు సంస్థల పరిశోధకులు కవలల లాలాజలం, వెంట్రుకల నమూనాలు సేకరించారు. అయినా చిక్కుముడి వీడలేదు.

శాస్త్రం తేల్చిన సంగతులూ ఉన్నాయి. ఫలదీకరణ చెందిన ఒకే అండం రెండుగా చీలితే అచ్చుగుద్దినట్టుండే కవలలు పుడతారు. ఇలాంటివారు ఏ దేశంలోనైనా వెయ్యి కాన్పులకు నాలుగు జంటలే. ఒకే నెలలో రెండు అండాలు విడుదలైతే కలిగే కవలల సంఖ్యే ప్రాంతాన్ని బట్టి మారుతుంది. తల్లి వయసు, ఆమెకు వారసత్వంగా వచ్చిన జన్యువులు ఇందుకు కారణమవుతాయి. జంట అరటిపండు తింటే కవలలు పుడతారన్న మన ఇళ్లలోని నమ్మకానికి మాత్రం ఆధారం లేదు.

ఇప్పుడు కవలలు పెరుగుతున్నారు. 2021లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం ఏటా సుమారు 16 లక్షల జంటలు పుడుతున్నాయి. 1980ల నుంచి కవల కాన్పుల రేటు మూడో వంతు పెరిగింది. ఆలస్యపు కాన్పులు, ఐవీఎఫ్ ఇందుకు ప్రధాన కారణాలు. 2019లో గుంటూరులో 74 ఏళ్ల మహిళ ఐవీఎఫ్‌తో కవల ఆడపిల్లలను కనడం దేశమంతటా చర్చకు దారితీసింది.

సంబరం వెనుక ముప్పు కూడా ఉంది. కవల గర్భిణుల్లో రక్తహీనత, అధిక రక్తపోటు ఎక్కువ. సగానికి పైగా కవలలు 37 వారాలు నిండకముందే పుడతారు. బరువూ తక్కువే. ఇద్దరూ ఒకే మాయను పంచుకుంటే ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు మళ్లే ప్రమాదం ఉంది. ఇలాంటి కేసుల్లో పది నుంచి పదిహేను శాతం దాకా ఇది ఎదురవుతుంది. సకాలంలో గుర్తిస్తే లేజర్ చికిత్స ఉంది.

మాయ సంగతి స్పష్టంగా తెలిసేది 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కానింగ్‌లోనే. ఆ తర్వాత చెప్పడం కష్టం. కాబట్టి పిల్లలవి ఎవరి పోలికలో అని ఇంట్లో లెక్కలేసుకునే ముందు డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మాయ ఒకటా, రెండా?