వస్త్రాల మృదుత్వానికి గోరుచిక్కుడు బంక

ఉతికిన నూలు బట్ట ఎండలో ఆరిన పిమ్మట బిరుసెక్కుట మనకందరికీ అనుభవమే. దీనికి ముఖ్యంగా రెండు కారణాలు కలవు. మొదటిది నీటి కాఠిన్యం. జగ్గయ్యపేట పరిసరాలు సున్నపురాయికి పేరుపొందినవి; సిమెంటు కర్మాగారాలు ఇచ్చట వెలసినది అందువలననే. సున్నపురాయి గల నేలలోని నీటిలో కాల్షియం లవణాలు అధికంగా ఉంటాయి. అవి సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి, నూలుపోగులను అంటుకొని ఉంటాయి. రెండవది, ఆరిన తరువాత కూడా పోగులపై నిలిచిన అతి స్వల్పమైన నీరు వాటిని జిగురువలె బంధించుట. ఈ విషయాన్ని జపానులోని హొక్కైడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో వివరించారు.

ఈ బిరుసుదనాన్ని పోగొట్టుటకే నేడు బజారులో మృదుకారక ద్రవాలు లభిస్తున్నాయి. వీని కీలకం విద్యుదావేశంలో ఉన్నది. నీటిలో తడిసిన నూలుకు ఋణావేశం ఉంటుంది. మృదుకారక అణువు తల ధనావేశం గలది. తోకలు రెండు కొవ్వు గొలుసులు. తల నూలును పట్టుకొనగా, తోకలు పోగులను ఒకదానిపై ఒకటి జారునట్లు చేస్తాయి. తొలుత వీనిని ఎక్కువగా జంతువుల కొవ్వుతో చేసేవారు. ఆ అణువులు నీటిలో త్వరగా నశింపనందున, 1990వ దశకంలో ఐరోపాలో వాని స్థానాన్ని ఎస్టర్‌క్వాట్లు ఆక్రమించాయి. వీనిలోని ఎస్టర్ బంధాన్ని సూక్ష్మజీవులు సులభంగా తెంచగలవు. అయితే వీనికి కావలసిన కొవ్వు అధికంగా పామాయిలు నుండి వస్తున్నది. ఆ తోటల కొరకు ఇండోనేషియా, మలేషియాలలో విస్తారమైన అడవులు నరకబడినవి.

ఈ కొవ్వును తగ్గించు మార్గం మనకు సుపరిచితమైన మొక్కలోనే కలదు. మనం గోరుచిక్కుడు అని, ఉర్దూ మాతృభాషగా గల మన విద్యార్థులు గవార్ ఫలీ అని పిలిచే కూరగాయ అది. ముదిరిన గింజలోని బంక ఒక సహజ పాలిమర్, అనగా అనేక చక్కెర అణువులు గొలుసుగా కూడిన బృహదణువు. బియ్యపు గంజిలోని పిండిపదార్థం కూడా ఇట్టిదే. కాని గంజి పోగులపై దట్టమైన పొరగా ఆరి బట్టను బిరుసుగా నిలుపుతుంది. గోరుచిక్కుడు బంకకు కొన్ని ధనావేశ సమూహాలను జతపరచి స్వల్పంగా వాడితే, అది మృదుకారకాన్ని నూలుపై చక్కగా నిలుపుటకు తోడ్పడుతుంది. ఇట్టి పాలిమర్లను చేర్చి ఎస్టర్‌క్వాట్‌ను దాదాపు సగానికి తగ్గించినను మెత్తదనం తగ్గదని పారిస్ పరిశోధకులు 2018లో ప్రచురించిన వ్యాసంలో పేర్కొన్నారు.

ప్రపంచంలో గోరుచిక్కుడును అత్యధికంగా పండించే దేశం మనదే. అందులో అగ్రస్థానం రాజస్థాన్‌ది. తక్కువ వర్షంతో పండి, వేరు బుడిపెల ద్వారా నేలకు నత్రజనిని అందించే ఈ పంట మెట్ట ప్రాంతాలకు అనుకూలమైనది. 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన గరికపాడు అట్టి మెట్ట ప్రాంతమే. బంక కొరకు గింజ పంటగా ఇది మన నేలలో ఎంతవరకు లాభసాటియో గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం వారిని అడిగి తెలిసికొనుట మన విద్యార్థులకు మంచి అధ్యయనం కాగలదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరం. మొక్క నుండి వచ్చినంత మాత్రాన ప్రతి వస్తువూ నిరపాయకరం కాదు. పామాయిలు కూడా మొక్కదే గదా! బంకకు జతపరచిన ధనావేశ సమూహాలు ఎక్కువైన కొద్దీ సూక్ష్మజీవులకు దానిని విచ్ఛిన్నం చేయుట కష్టమవుతుంది. కనుక సీసాపై ఆకు బొమ్మను చూచి తృప్తిపడక, అందులో ఏమున్నది, ఎంత ఉన్నది, నీటిలో కలిసిన పిమ్మట ఏమగును అని ప్రశ్నించవలెను. తువ్వాళ్ల వంటి వానికి మృదుకారకం అసలు వాడకపోవుటే మేలు. అది వాని నీటిని పీల్చే శక్తిని తగ్గిస్తుంది. పాలేరు, మున్నేరు రెండును కృష్ణలో కలిసేవే. మన ఇంటి ఉతుకునీరు చేరేది ఆ నీటిలోకేనని, దిగువ ఊళ్లవారు త్రాగేది ఆ నీటినేనని రసాయన శాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ గుర్తించవలెనని మా కోరిక.