తలుపులు మూసిన దినాల్లో మన కంచాలు

కరోనా దినాలను తలచుకున్నప్పుడు మనవాళ్ళు ఎక్కువగా రెండు సంగతులే చెబుతారు. పోయినవారి పేర్లు చెప్పి కన్నీళ్ళు పెట్టుకుంటారు. లేదా టీకాల కోసం ఎండలో నిలబడిన వరుసలను చెప్పి నవ్వుకుంటారు. ఆ దినాల్లో ఏమి తిన్నామో, ఎలా తిన్నామో చెప్పేవారు తక్కువ. అయితే నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో విశ్వాసుల ఇళ్ళకు ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఒక వస్తువు మా కంట తరచుగా పడుతున్నది. బైబిలు పెట్టిన బల్లమీదనే, చక్కెర పరీక్ష చేసుకునే చిన్న మిషను. 2020కి ముందు అది ముసలివారున్న ఇళ్ళలోనే కనిపించేది. ఇప్పుడు నలభై దాటని దంపతుల ఇళ్ళలోనూ ఉంటున్నది. పిల్లల తిండిని గురించి పత్రికలన్నీ రాస్తాయి. పెద్దవారిని మాత్రం ఎవరూ అడగరు. కాబట్టి ఈ మాసం వారి కంచం గురించే మాట్లాడుకుందాం.

2020లో శ్రమకాలం ఫిబ్రవరి 26న భస్మ బుధవారంతో మొదలైంది. యథాప్రకారం కొందరు మాంసం, కొందరు టీ, కొందరు ఒక పూట భోజనం మానుకున్నారు. మార్చి 22న జనతా కర్ఫ్యూ వచ్చింది, 25 నుండి దేశమంతా లాక్‌డౌన్. కోరి మొదలుపెట్టిన ఉపవాసం సగంలో ఉండగా, కోరని ఉపవాసం ఒకటి వచ్చి చేరింది. మట్టల ఆదివారం ఏప్రిల్ 5న ఇళ్ళలోనే జరిగింది. ఆ రాత్రే తొమ్మిది గంటలకు దేశమంతా దీపాలు వెలిగించారు. మంచి శుక్రవారం, ఏప్రిల్ 12న పునరుత్థాన పండుగ కూడా నాలుగు గోడల మధ్యనే. అప్పటికి నంద్యాల జిల్లా లేదు, అది 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. మనం కర్నూలు జిల్లాలో ఉన్నాము, ఆ జిల్లా రెడ్ జోన్‌లో ఉంది. కూరగాయలకు పొద్దున కొన్ని గంటలే సెలవు. హోటళ్ళు లేవు, మిరపకాయ బజ్జీల బండ్లు లేవు.

ఆ మొదటి వారాలు చాలా ఇళ్ళకు నిజంగా మేలు చేశాయి. ఏళ్ళ తరబడి టిఫిను బయట తిని, మధ్యాహ్నం షాపులో తిని, రాత్రి పిల్లలు పడుకున్నాక ఇల్లు చేరే మగవారు మూడు పూటలా ఇంట్లో కూర్చుని తిన్నారు. అటక మీది రొట్టెల పెనం కిందికి దిగింది. జొన్న రొట్టె చేయడం రాని కోడళ్ళు అత్తల దగ్గర నేర్చుకున్నారు. ఉగ్గాని, ఊరుబిండి, గోంగూర పప్పు, పచ్చిపులుసు మళ్ళీ వంటింట్లోకి వచ్చాయి. కలిసి ప్రార్థించి కలిసి తినడం కొన్ని కుటుంబాలకు అదే మొదలు. మద్యం దుకాణాలు మూసి ఉన్న ఆ నెలన్నర, కొందరు ఇల్లాళ్ళు మాతో చెప్పిన మాటలు మేము మరువలేము. మే 4న అవి తెరుచుకున్నప్పుడు ఆ వరుసల్లో మనవారు లేరని చెప్పలేము.

ఈ మేలంతా ఎవరి చేతుల మీదుగా వచ్చింది? నూనెపల్లె వైపు ఒక సహోదరి మాతో అన్నది: "లాక్‌డౌన్ మీకు అయ్యగారూ, మాకు యాడిది? పొద్దున్నించి రాత్రి దాకా పొయ్యి ఆరిందే లేదు." బేతనియలో మార్త విషయంలో ప్రసంగాలు చేసే మనం, ఆమె వంటింట్లో ఎంతసేపు నిలబడిందో లెక్క పెట్టము. అందరికీ వడ్డించి, మిగిలినది నిలబడి తిని, సాయంత్రం ఆకలికి నాలుగు బిస్కెట్లతో సరిపెట్టుకున్న స్త్రీలు అనేకులు. 2020 మార్చి నుండి మే వరకు పార్లే-జీ బిస్కెట్లు ఎనభై ఏళ్ళలో ఎన్నడూ లేనంతగా అమ్ముడయ్యాయని ఆ కంపెనీవారే చెప్పారు. నడిచి ఇళ్ళకు పోతున్న వలస కూలీలకు అది ఆహారమైంది. ఇళ్ళలో ఉన్నవారికి పొద్దుపోక తినే తిండి అయ్యింది.

పొద్దుపోకపోవడమే అసలు సంగతి. మొదటి నెల గడిచేసరికి భయం మొద్దుబారి, విసుగు మిగిలింది. నాలుగు గంటలకు బజ్జీలు, ఆరుకు వేయించిన బుడ్డలు, తొమ్మిదికి అన్నం, పదకొండుకు ఫోను చూస్తూ మిక్చరు. పనికి పోయే వేళ లేదు గనుక లేచే వేళ లేదు, తినే వేళా లేదు. ఇది మన ఊళ్ళ సంగతే కాదు. అనేక దేశాల్లో పరిశోధకులు ఈ రెంటినీ కలిపే చూశారు: ఇంటి వంట పెరిగింది, దానితోపాటు చిరుతిండీ పెరిగింది. 2021 ఆరంభంలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం జరిపిన సర్వేలో, కోరకుండానే బరువు పెరిగామని చెప్పిన పెద్దలు నూటికి 42 మంది. వారు పెరిగినది సగటున 13 కిలోలు.

దిగులులో తినడాన్ని పాపమని ఉరిమే బోధకులతో మేము ఏకీభవించము. బదరీవృక్షం కింద పడుకుని చావు కోరిన ఏలీయాకు దేవదూత ముందు ప్రసంగం చేయలేదు, కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. దిగులులో ఉన్న మనిషికి తిండి పెట్టడం దేవుడు ఎరిగిన పద్ధతే. అయితే ఏలీయా ఆ బలంతో నలభై దినాలు నడిచాడు. మనం రొట్టె తిన్నాము, మంచం మీదనే ఉండిపోయాము.

అన్నం మన ప్రాంతంలో ఎలా పెరిగిందో కూడా చూడాలి. ఇది ఆకలి ఎరుగని నేల కాదు. 1876-78లో ధాత కరువు మద్రాసు రాజధానిలో అన్ని జిల్లాలకంటే ఘోరంగా తాకిన వాటిలో కర్నూలు ఒకటి. కరువు పనుల్లో మగకూలికి దినానికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. ఒక పౌను అంటే అర కిలోకు తక్కువే. రాళ్ళు కొట్టే మనిషికి అది! ఆళ్ళగడ్డకు దగ్గరగా ఉన్న ముత్యాలపాడు మిషను ఆ కాలాన్ని చూసిన మిషను. మన ముత్తాతలు ఆ ఆకలిలో నుండి వచ్చినవారే. కాబట్టి మన ఇళ్ళలో ప్రేమంటే మారు వడ్డించడం, వద్దన్నా వేయడం. జొన్నలు, కొర్రలు పేదవాడి తిండిగా ఉండగా, తెల్లని వరి అన్నం పండుగ తిండిగా ఉండేది. కె.సి. కాలువ కింద వరి పండినా అది అందరి కంచంలోకి రాలేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక ఆ తేడా చెరిగిపోయింది, జొన్న రొట్టె వెనకబడింది.

2020 ఏప్రిల్‌లో ఆ బియ్యం మీద మరో మనిషికి ఐదు కిలోల బియ్యం ఉచితంగా చేరింది. కార్డుకు కిలో కందిపప్పు ఒకసారి, కిలో శనగలు ఒకసారి ఇచ్చారు. పని పోయిన ఇళ్ళకు అది మన్నా వంటిదే, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారికి ఆకలి తెలియదు. కానీ కూరగాయలు దొరకని, చేతిలో డబ్బు లేని ఇంట్లో ఆ బియ్యమే పొద్దున చిత్రాన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం అయ్యింది. పప్పు పలచబడింది, ముద్ద పెద్దదయ్యింది. ఆ పెద్ద ముద్ద ఇప్పటికీ చిన్నది కాలేదు.

2021 మరొక పాఠం. మే 5 నుండి మన రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండుకే కర్ఫ్యూ. ప్రతి వీధిలో రోగులు. "బలమైన తిండి పెట్టండి" అని డాక్టర్లు చెప్పారు, అది సరైన మాటే. జబ్బులో రెండు గుడ్లు, మాంసం చారు, ఖర్జూరాలు, అల్లం మిరియాల కషాయం. వాసన, రుచి పోయినవారు నాలుకకు ఏదో ఒకటి తగలాలని ఊరగాయ కలుపుకుని తిన్నారు. జబ్బు పోయాక కూడా నెలల తరబడి అదే బలం కొనసాగింది. చికిత్సలో వాడిన స్టీరాయిడ్లు రక్తంలో చక్కెరను పెంచుతాయి, అంతవరకు దాగి ఉన్న మధుమేహం చాలామందిలో అప్పుడే బయటపడింది. ఆ ఏడు నల్ల ఫంగస్ ఎక్కువగా బలిగొన్నది చక్కెర అదుపులో లేనివారినే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో స్త్రీలలో నూటికి 36 మందికి పైగా, పురుషులలో 31 మంది అధిక బరువున్నవారు. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నదని, 13 కోట్లకు పైబడి ఆ గడప దగ్గర నిలబడి ఉన్నారని లెక్క కట్టింది. ఇదంతా లాక్‌డౌన్ చేసిన పని కాదు, ముందునుండే వస్తున్నది. లాక్‌డౌన్ తొందర పెట్టింది.

మరి ఏవి నిలిచాయి? మనం గొప్పగా చెప్పుకున్న అలవాట్లు చాలావరకు హోటళ్ళు తెరవగానే పోయాయి. రొట్టెల పెనం మళ్ళీ అటకెక్కింది. రాత్రి చిరుతిండి, ఫోను చూస్తూ తినడం, ఫోనులోనే చెప్పి బిర్యానీ తెప్పించుకోవడం మాత్రం నిలిచాయి. చిరుధాన్యాలు కొన్ని ఇళ్ళలో నిలిచాయి. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం కావడమూ తోడైంది. మన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం 'సూర్యనంది' వంటి కొర్ర రకాలను ఇచ్చిన చోటు. తాతలు గతిలేక తిన్న కొర్రలు ఇప్పుడు సన్నబియ్యం కంటే ప్రియం. కానీ కొర్రన్నమైనా కంచం నిండా తింటే చక్కెర పెరుగుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో దినానికి కూరగాయలు 400 గ్రాములు, ధాన్యం 250 గ్రాములు. మన కంచాల్లో ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది.

అందరికంటే మమ్మును కలవరపరిచేది ఒంటరిగా తినేవారు. ఆళ్ళగడ్డలో అరవై దాటిన ఒక సహోదరుడు 2021లో భార్యను పోగొట్టుకున్నాడు. పిల్లలు దూరాన ఉన్నారు. ఏమి తింటున్నావని అడిగితే "ఏదో ఒకటి అయ్యగారూ" అంటాడు. ఆ ఏదో ఒకటి ఒకసారి వండిన అన్నం, రెండు దినాల పాటు, ఊరగాయతో. క్యారియరు పంపితే సగం తిరిగి వచ్చేది. స్త్రీల మైత్రి సహోదరీలు ఆలోచన మార్చారు. క్యారియరు పంపడం మాని, వారానికి మూడు రాత్రులు ఒక్కొక్క కుటుంబం ఆయనను తమ ఇంటికి పిలుస్తున్నది. పక్కన మనిషి ఉంటే ఆయన ఆకుకూర కూడా తింటున్నాడు. మందు చీటీ అదే, మోతాదు అదే. పిలవడం మొదలుపెట్టిన మూడు నెలలకు చక్కెర కొంత దిగింది. దీనికి డాక్టరు ఏ పేరు పెడతాడో మాకు అవసరం లేదు.

సంఘంలో తిండి సంగతి వేరే ఉన్నది. ప్రేమవిందు అంటే బిర్యానీ, వంకాయ, స్వీటు, కూల్‌డ్రింకు. అయ్యగారు ఇంటికి వస్తే చక్కెర ఎక్కువ వేసిన టీ, ప్లేటు నిండా మిక్చరు. ఐదిళ్ళు తిరిగితే ఐదు టీలు. వద్దంటే ఇంటివారి మనసు నొచ్చుకుంటుంది, తాగితే మా ఒంటికి మంచిది కాదు. కొందరు ఇప్పుడు అడగకుండానే మజ్జిగ ఇస్తున్నారు, వారిని దేవుడు దీవించును గాక.

గత కోతకాల పండుగకు ఆళ్ళగడ్డ దగ్గర ఒక పల్లెలో సంఘ పెద్దలు వంట మార్చారు. వాదన లేకుండా జరగలేదు. బిర్యానీ లేకపోతే చందా ఎందుకని ఒకరు లేచారు కూడా. చివరికి కోడికూర ఉంచి, అన్నం పాత్ర చిన్నది చేసి, జొన్న రొట్టెలు, గోంగూర పప్పు, కీర ముక్కలు, పెరుగు పెట్టారు. లడ్డు మనిషికి ఒకటే. ముందుగా మగవారు వడ్డించి, స్త్రీలను మొదటి బంతిలో కూర్చోబెట్టారు. చివరి బంతిలో ఒక పెద్దాయన రెండో లడ్డుకు చెయ్యి చాపాడు. వడ్డిస్తున్న కుర్రవాడు ఇవ్వనూ లేదు, కాదనూ లేదు. దూరంగా కూర్చున్న ఆయన భార్య వైపు చూశాడు.