టీనేజర్ల గుండె: వాచీలో హెచ్‌ఆర్‌వీ తగ్గితే ప్రమాదమేనా?

నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండె కూడా గడియారంలా కచ్చితంగా సెకనుకోసారి కొట్టుకోదు. స్పందనల మధ్య మిల్లీసెకన్లలో తేడా ఉంటుంది. దీన్నే హార్ట్ రేట్ వేరియబిలిటీ (హెచ్‌ఆర్‌వీ) అంటారు. ఊపిరి పీలిస్తే గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. పిల్లల్లో, టీనేజర్లలో ఇది మామూలే. కంగారు అక్కర్లేదు.

మరి హెచ్‌ఆర్‌వీ తగ్గితే? ఊబకాయం, హైబీపీ ఉన్న పిల్లల్లో ఇది తక్కువగా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. అయితే నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా, పరీక్షల టెన్షన్ ఉన్నా తగ్గొచ్చు.

దీన్ని సరిగ్గా కొలవాలంటే ఈసీజీ కావాలి. 1996లో ఐరోపా, ఉత్తర అమెరికా నిపుణుల సంఘాలు 5 నిమిషాలు, 24 గంటల రికార్డింగ్‌లను ప్రమాణంగా పెట్టాయి. స్మార్ట్‌వాచ్ మాత్రం చర్మంపై వెలుగు వేసి నాడిని అంచనా వేస్తుంది. చెయ్యి కదిలితే లెక్క తప్పొచ్చు. పైగా టీనేజర్లలో 'ఇంతకంటే తగ్గితే జబ్బే' అని అందరూ ఒప్పుకున్న అంకె లేదు.

అందుకే బీపీ, బరువు చూపించుకోవడమే ముఖ్యం. డాక్టర్ చెబితే షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు కూడా చేయించాలి. ఆడుతూ స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా వాచీలో అంకె బాగుందని ఆగొద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.