56 అక్షరాలే కదా, ఫాంట్‌కి అంత టైమ్ ఎందుకు?

తెలుగు ఫాంట్ తయారు చేస్తున్నానని చెప్తే ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే ప్రశ్న: "56 అక్షరాలే కదా, వీకెండ్‌లో అయిపోదా?" ప్రశ్న న్యాయమైనదే. జవాబే కొంచెం పొడుగు.

ముందు లెక్క చూద్దాం

ఇంగ్లీష్ అక్షరాలు రైలు పెట్టెల్లా ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. తెలుగులో గుడి పైన, వత్తు కింద, కొమ్ము పక్కన. హల్లులు 35 అనుకుందాం. ప్రతి హల్లుకీ ప్రతి వత్తూ తగిలిస్తే 35×35, అంటే 1,225 జంటలు. ఒక్కో జంటకి అకారంతో కలిపి 13 గుణింతాలు వేస్తే 15,925.

వీటిలో చాలావాటితో మాటలే లేవు, నిజమే. కానీ ఏది ఎప్పుడు అవసరమవుతుందో ముందే చెప్పలేం. ఫ కింద ట వత్తు మన పాత పుస్తకాల్లో ఎక్కడ కనిపిస్తుంది చెప్పండి? ఇప్పుడు మా సనత్‌నగర్ నుంచి అమీర్‌పేట వెళ్తే "సాఫ్ట్‌వేర్" అనే మాట తగలకుండా పది అడుగులు వేయలేం.

అందుకే 15,925 బొమ్మలు ఎవరూ గీయరు. ముక్కలు గీసి, వాటిని కలిపే రూల్స్ రాస్తారు. "స్త్రీ" మనకి ఒకే అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం ఆరు కోడ్లు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఆ ఆరింటినీ ఫాంట్‌లోని రూల్స్ ప్రకారం కలిపి చూపించే ప్రోగ్రామ్‌ని షేపింగ్ ఇంజిన్ అంటారు. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఈ పని చేసేది హార్ఫ్‌బజ్. ఆ పేరు పర్షియన్ నుంచి వచ్చింది. "హర్ఫ్" అంటే అక్షరమని మన హైదరాబాద్‌లో ఉర్దూ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఈ కలపడం ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. "జ్ఞా"లో దీర్ఘానికి ముందు కంటికి కనపడని ఒక గుర్తు చేరితే చాలు, ఐఫోన్‌లో ఆ మెసేజ్ తెరిచిన యాప్ కుప్పకూలేది. యాపిల్ ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. జ్ఞానానికి మొదటి అక్షరమే ఫోన్లని పడగొట్టిందన్నమాట!

తెలుగులో సాన్స్ సెరిఫ్ అంటే?

ఇంగ్లీష్ అక్షరాల చివర్లలో ఉండే చిన్న పాదాలు సెరిఫ్‌లు. అవి లేకపోతే సాన్స్ సెరిఫ్. మన అక్షరాలకి ఆ పాదాలు మొదటినుంచీ లేవు, అన్నీ వంపులే. కాబట్టి తెలుగులో తేడా అంతా గీత మందంలో ఉంటుంది. తిరుమల కృష్ణ దేశికాచారి చేసిన పోతన 2000, వేమన 2000 ఫాంట్లని పక్కపక్కన పెట్టి చూడండి. పోతనలో గీత లావెక్కుతూ సన్నబడుతూ వెళ్తుంది. వేమనలో దాదాపు ఒకే మందం. నేను చేస్తున్నది ఈ రెండో రకం.

గీత సమానం చేయగానే అసలు చిక్కులు మొదలవుతాయి.

మొదటిది, పోలికలు. క పక్కన పెట్టినట్టే వ పక్కన కొమ్ము పెడితే అది మ లాగా కనిపిస్తుంది. అందుకే పు, ఫు, వులలో కొమ్ము కిందనుంచి మొదలవుతుంది. అంటే వీటికి వేరే కొమ్ము, వేరే రూల్.

రెండోది, లోపలి ఖాళీ. "కథ"ని "కధ" అని రాసేవాళ్లని మనం ఆటపట్టిస్తాం కదా. థ కడుపులో చుక్క, ధ కడుపులో చిన్న గీత. బోల్డ్‌లో, చిన్న సైజులో ఆ ఖాళీ పూడుకుపోతే సరిగ్గా రాసినవాడిది కూడా తప్పులాగే కనిపిస్తుంది. అందుకని లోపలి గీతల్ని కొంచెం సన్నగా గీయాలి. కంటికి సమానంగా కనపడాలంటే కొలతలో సమానంగా ఉండకూడదు!

మూడోది, వత్తులు. క ని 60 శాతానికి తగ్గిస్తే క వత్తు రాదా అనిపిస్తుంది. కానీ గీత కూడా తగ్గుతుంది: 80 యూనిట్ల మందం 48 అవుతుంది. వత్తు పీలగా, పక్క అక్షరం లావుగా ఉంటుంది. కాబట్టి ప్రతి వత్తునీ విడిగా గీయాల్సిందే. పైగా చాలా యాప్‌లలో లైన్ల మధ్య దూరం ఇంగ్లీష్‌ని చూసి పెట్టిందే. వత్తు ఎక్కువ కిందికి దిగితే సగం తెగిపోతుంది.

పనిముట్లు

నేను వాడేది ఫాంట్‌ఫోర్జ్. జార్జ్ విలియమ్స్ మొదలుపెట్టిన ఫ్రీ సాఫ్ట్‌వేర్, విండోస్‌లో, లినక్స్‌లో, మ్యాక్‌లో నడుస్తుంది. తలకట్టు ఒక్కసారి గీసి, కావాల్సిన అక్షరాలన్నిట్లో దాన్ని రిఫరెన్స్‌గా పెట్టుకోవచ్చు. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. మనం ఫంక్షన్ రాసుకుని పదిచోట్ల పిలిచినట్టే.

దీన్ని పైథాన్‌తో కూడా నడపొచ్చు. నా స్క్రిప్ట్ ఫాంట్‌ని బిల్డ్ చేసి, ఆ 1,225 జంటల్నీ హార్ఫ్‌బజ్‌కి పంపుతుంది. ఎక్కడైనా వత్తుగా మారకుండా పొల్లు విడిగా మిగిలిపోతే అక్కడ రూల్ లేదని లిస్ట్ ఇస్తుంది. రూపం బాగుందో లేదో మాత్రం స్క్రిప్ట్ చెప్పలేదు. దానికి మనిషి కళ్లే కావాలి.

ఎందుకు పంచుకోవాలి?

ఫ్లెక్సీ షాపుల్లో ఎక్కువగా వాడే అను ఫాంట్లు యూనికోడ్ కాదు. ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చుంటాయి. చూడ్డానికి అందంగా ఉంటాయి, కానీ ఆ ఫాంట్ లేని ఫోన్‌లోకి కాపీ చేస్తే పిచ్చిగీతలు. సెర్చ్‌కి దొరకవు. అచ్చయిన తెలుగు ఎంతో ఇలా కంప్యూటర్‌కి అర్థం కాకుండా ఉండిపోయింది. డిజైనర్లకి నచ్చే యూనికోడ్ ఫాంట్లు ఎన్ని ఎక్కువైతే ఈ నష్టం అంత తగ్గుతుంది.

ఆ దారి వేసినవాళ్లు ఉన్నారు. పురుషోత్ కుమార్ గుత్తుల వంటి డిజైనర్లు గీసిన ఫాంట్లని సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసింది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, ధూర్జటి, పెద్దన, సూరన్న పేర్లతో దొరుకుతాయి. ఇండియన్ టైప్ ఫౌండ్రీ వాళ్ల తెలుగు సాన్స్ పేరు హింద్ గుంటూరు! ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌లో ఉన్నాయి. ఎవరైనా వాడొచ్చు, విప్పి చూడొచ్చు, మార్చి పంచొచ్చు. ఫాంట్‌ని విడిగా అమ్మకూడదు, మార్చినదాన్ని కూడా అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. ఇంకొకరి కోడ్ చదివి కోడింగ్ నేర్చుకున్నట్టు, నేను ఈ ఫైళ్లు విప్పి చూసే వత్తుల రూల్స్ నేర్చుకున్నాను. నా ఫాంట్, స్క్రిప్ట్ కూడా అలాగే బయట పెడతాను.

మీరు చేయగల సాయం ఒకటుంది. మీ పేరులోనో, మీ ఊరి పేరులోనో కష్టమైన వత్తు ఉంటే క్లబ్ మెయిల్‌కి పంపండి. "సాఫ్ట్‌వేర్" ఇప్పుడు చక్కగా కుదిరింది. "జ్యోత్స్న" మాత్రం ఇంకా కింది లైన్‌ని గుద్దుకుంటోంది.