మీకు తెలుసా? తిరుగు బేరం లేనిదే కదలని ప్రోటీన్

చారు మీద తాలింపు నూనె ఎంత కలిపినా తేలుతూనే ఉంటుంది. కణాల్లోనూ ఇదే తంటా. కొలెస్ట్రాల్ తయారయ్యేది అంతర్జీవద్రవ్య జాలకం పొరలో. అక్కడి నుంచి గాల్జీ పొరకు చేరాలంటే మధ్యలో అంతా నీళ్లే. కొంత కొవ్వు బుడగల్లో వెళ్తుంది, మిగతాది ప్రోటీన్లు మోస్తాయి.

ఈ రెండు పొరలూ బాగా దగ్గరైన చోట, సుమారు 10 నుంచి 30 నానోమీటర్ల ఎడంలో, ఓఎస్‌బీపీ అనే ప్రోటీన్ పని చేస్తుంది. దాని కడుపులో నీరు చొరని గుంట ఉంది. అందులో ఒక్క కొలెస్ట్రాల్ అణువుకే చోటు. గాల్జీలో దాన్ని దించాక ఖాళీగా తిరిగి రాదు. గడుసు ఆటోవాలాలా పీఐ4పీ అనే మరో కొవ్వును ఎక్కించుకొస్తుంది. ఇవతలి ఒడ్డున శాక్1 అనే ఎంజైమ్ దాని ఫాస్ఫేట్‌ను కత్తిరించేస్తుంది. దాంతో పీఐ4పీ ఇక్కడ ఎప్పుడూ తక్కువ, గాల్జీలో ఎక్కువ. ఆ తేడాయే ఈ బండికి పెట్రోలు!

వీపీఎస్13 అనే మరో ప్రోటీన్ మాత్రం బండి కాదు, వంతెన. పొడవు 20 నానోమీటర్ల పైమాటే. దాని గాడి వెంట కొవ్వులు జారుకుంటూ పోతాయి. మనుషుల్లో ఈ రకానివి నాలుగున్నాయి. వాటిలో వీపీఎస్13ఏ జన్యువు చెడితే ఎర్ర రక్తకణాలు ముళ్లు తేలతాయి, కాళ్లూ చేతులూ వాటంతటవే కదులుతుంటాయి.