పెద్ద ఆటయందలి గుండెనిబ్బరము

జనవరి మాసము వచ్చినతోడనే అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇండ్లయందును, కార్యాలయములయందును, కాఫీ దుకాణములయందును ఒక వాదము చెలరేగును. "మీ క్వార్టర్‌బ్యాక్‌ చిన్న ఆటలలో సింహము, పెద్ద ఆటలలో పిల్లి" అని ఒకరందురు. "మావానికి ప్రాణముమీదికి వచ్చినప్పుడే చేయి బాగుగా ఆడును" అని మఱియొకరు బదులు పలుకుదురు. పైకిది వట్టి వినోదముగా దోచినను, ఒక మనుష్యునికి ధైర్యము గలదా లేదా యని తీర్పు చెప్పుటయే యిందలి సారము. అట్టి తీర్పునకు ఏపాటి ఆధారము గలదో యిచ్చట విచారింతము.

మొదట ఆ యాటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. మనము ఫుట్‌బాల్‌ అని పిలుచు ఆట వేఱు, అమెరికావారు ఆ పేరుతో ఆడునది వేఱు. వారి ఆటలో బంతిని చేతబట్టి పరుగెత్తుటయు, విసరుటయు ముఖ్యము. బంతియు గుండ్రముగా నుండక, రెండు కొనలయందును మొనదేలి యుండును. జట్టునకు 11 మంది ఆటగాండ్రు. రెండు గోలు గీతల నడుమ దూరము 100 గజములు. బంతి చేతనున్న జట్టునకు నాలుగు యత్నములు లభించును. ఆ నాలుగింటిలో 10 గజములు ముందునకు సాగినచో మఱల నాలుగు యత్నములు దొరకును. సాగనిచో బంతి ఎదుటివారి వశమగును. ఎదుటివారి గీతను బంతితో దాటుటకు టచ్‌డౌన్‌ అని పేరు.

సామాన్యముగా ప్రతి యత్నమునందును మొదట బంతి నందుకొనువాడు క్వార్టర్‌బ్యాక్‌. బంతి విసరుటకు అతనికి దొరకు వ్యవధి రెండు మూడు సెకనులు మాత్రమే. అంతలో తనపైకి దూకుచున్న బలశాలులను గమనించి, పరుగెత్తుచున్న తనవారిలో ఎవనికి అడ్డు లేదో కనిపెట్టి, గుఱి తప్పకుండ విసరవలెను. ఆ బంతిని ఎదుటి జట్టువాడు పట్టుకొన్నచో దానిని ఇంటర్‌సెప్షన్‌ అందురు. అది క్వార్టర్‌బ్యాక్‌నకు గొప్ప అవమానము.

నేషనల్‌ ఫుట్‌బాల్‌ లీగ్‌ అను సంఘములో 32 జట్లు గలవు. 2021 మొదలు ప్రతి జట్టును సాధారణ పోటీలలో 17 ఆటలాడుచున్నది. వానిలో మేలైన 14 జట్లు ప్లేఆఫ్‌లు అనబడు కడపటి పోటీలలో ప్రవేశించును. మన పాఠశాలల నడుమ జరుగు నాకౌటు పోటీలవలెనే, ఇచ్చట ఒక్క ఆట ఓడిన జట్టు ఇంటికి మఱలవలసినదే. చివరి రెండు జట్ల నడుమ జరుగు ఆటకు సూపర్‌ బౌల్‌ అని పేరు. ఏడాది శ్రమ ఒక్క మధ్యాహ్నముతో తేలిపోవు నట్టి ఈ ఆటలయందే క్వార్టర్‌బ్యాక్‌ గుండెనిబ్బరము బయటపడునని ప్రేక్షకుల నమ్మకము.

ఆ నమ్మకమునకు తగిన కథలు లేకపోలేదు. 1989 జనవరి 22వ తేదీన మియామీ నగరమున జరిగిన సూపర్‌ బౌల్‌లో సాన్‌ఫ్రాన్సిస్కో జట్టు సిన్సినాటి జట్టుకంటె మూడు పాయింట్లు వెనుకబడియుండెను. మిగిలిన కాలము 3 నిమిషముల 10 సెకనులు; దాటవలసిన దూరము 92 గజములు. అట్టి సమయమున క్వార్టర్‌బ్యాక్‌ జో మోంటానా ప్రేక్షకులలో కూర్చున్న జాన్‌ క్యాండీ యను హాస్యనటుని తన తోటివారికి చూపెనని చెప్పుదురు. ఆ మాటతో వారి బిగువు సడలెనట. 34 సెకనులు మిగిలియుండగా అతడు విసరిన బంతిని జాన్‌ టేలర్‌ అందుకొనగా, 20–16 పాయింట్లతో జయము కలిగెను. మోంటానా ఆడిన నాలుగు సూపర్‌ బౌల్‌లలోను గెలిచెను. వానిలో ఒక్క ఇంటర్‌సెప్షనైనను లేదు.

ఇక వ్యతిరేకమైన పేరు మోసినవాడు పేటన్‌ మానింగ్‌. ఇతడు లీగులోకెల్ల శ్రేష్ఠుడను బహుమానమును ఐదు పర్యాయములు పొందినవాడు. అయినను 2004 జనవరిలో న్యూ ఇంగ్లాండ్‌ జట్టుతో ఆడిన ప్లేఆఫ్‌ ఆటలో అతని బంతులు నాలుగు ఎదుటివారి చేతబడి, అతని జట్టు ఓడిపోయెను. అతనికి పెద్ద ఆట అనగా వణకు అని జనులు నిశ్చయించుకొనిరి. 2007 ఫిబ్రవరిలో అతడు సూపర్‌ బౌల్‌ గెలిచిన పిమ్మటగాని ఆ నింద కొంత సన్నగిల్లలేదు. అతని ప్లేఆఫ్‌ ఆటల మొత్తము లెక్క 14 గెలుపులు, 13 ఓటములు.

ఇచ్చట రెండు ఆటలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెనని కోరుచున్నాము. 2016 ఫిబ్రవరిలో మానింగ్‌ తన కడపటి ఆటగా డెన్వర్‌ జట్టు పక్షమున సూపర్‌ బౌల్‌ ఆడెను. ఆనాడతడు బంతి విసరి గడించినది 141 గజములు మాత్రమే. టచ్‌డౌన్‌ ఒకటియు లేదు. ఒక ఇంటర్‌సెప్షన్‌ గలదు. అయినను రక్షకుల బలముచేత డెన్వర్‌ 24–10తో గెలిచెను. రెండేండ్ల తరువాత, 2018 ఫిబ్రవరిలో, న్యూ ఇంగ్లాండ్‌ క్వార్టర్‌బ్యాక్‌ టామ్‌ బ్రేడీ సూపర్‌ బౌల్‌లో 505 గజములు గడించి, మూడు టచ్‌డౌన్‌లు విసరెను. ఇంటర్‌సెప్షన్‌ ఒక్కటియు లేదు. అయినను అతని జట్టు ఫిలడెల్ఫియా చేతిలో 41–33తో ఓడెను. గెలుపే ధైర్యమునకు కొలబద్ద యైనచో, మొదటివాడు ధీరుడనియు రెండవవాడు పిఱికివాడనియు చెప్పవలసివచ్చును. ఆ మాట నెవ్వరును ఒప్పరు.

ఒకప్పుడు ఆటగాని చేతికి బంతియే రాదు. 2022 జనవరి 23వ తేదీన బఫెలో క్వార్టర్‌బ్యాక్‌ జాష్‌ ఆలెన్‌ 13 సెకనులు మిగిలియుండగా టచ్‌డౌన్‌ విసరి తన జట్టును ముందునకు దెచ్చెను. ఆ 13 సెకనులలోనే కాన్సాస్‌ సిటీ జట్టు పాయింట్లు సమము చేసెను. అదనపు ఆటకొఱకు నాణెమెగురవేయగా బంతి కాన్సాస్‌ సిటీకే దక్కెను. వారు వెంటనే టచ్‌డౌన్‌ చేయగా, నాటి నిబంధన ననుసరించి ఆట ముగిసెను. ఆలెన్‌ ప్రక్కన నిలిచి చూచుచుండవలసినవాడాయెను. ఆ యేడు మార్చిలో ప్లేఆఫ్‌లలో ఇరుపక్షములకును బంతి దక్కునట్లు నిబంధనను మార్చిరి. పుస్తకములలో మాత్రము అది ఆలెన్‌ జట్టు ఓటమిగనే నిలిచియున్నది.

లెక్కల తరగతి విద్యార్థులు మఱియొక సంగతి గమనింతురు గాక. గొప్ప ఆటగాడైనను ఒక యేట ఆడునవి మూడు నాలుగు ప్లేఆఫ్‌ ఆటలకు మించవు. మంచి నాణెము నొకదానిని పదిమాఱు లెగురవైచినచో, ఏడుగాని అంతకంటె ఎక్కువగాని బొమ్మలు పడుట సుమారు ఆఱింట ఒకమాఱు జరుగును. ఆ నాణెమునకు ధైర్యము గలదని మనమనము. కావున పది ఆటల ఫలితమును జూచి ఒకని హృదయమును చదివితిమనుట తొందరపాటు.

అయితే ఒత్తిడియనునది కల్లయా? కల్ల గాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాయ్‌ బౌమైస్టర్‌ 1984లో దీనిని గూర్చి వ్రాసెను. పెద్ద సమయమున మనుష్యుడు తన పనిని తానే కనిపెట్టుచు కూర్చుండుటవలన, అలవాటుచే సులువుగా జరుగు పని చెడుననుట అతని సిద్ధాంతము. సయాన్‌ బైలాక్‌ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును గోల్ఫు ఆటగాండ్రను పరీక్షించిరి. ఆరితేఱినవారు తమ చేతి కదలికమీదనే దృష్టి నిలిపినపుడు వారి గుఱి తగ్గెను. క్రొత్తగా నేర్చుకొనువారికి మాత్రము ఆ దృష్టి మేలు చేసెను. ఎక్కములు ధారగా అప్పగించు బాలుడు నడుమ నాగి "తరువాతి మాట యేది?" యని తలపోసినచో తడబడుట మనమెఱిగినదే గదా.

ఈ సిద్ధాంతముతో జూచినచో మోంటానా చేష్టకు అర్థము తోచును. హాస్యనటుని జూపుటవలన తోటివారి చూపు తమ భయమునుండి తొలగెను. చేతులకు అలవాటైన పని చేతులు చేసెను. ఆ యలవాటు ఒక్కనాట వచ్చినది గాదు. చివరి రెండు నిమిషముల ఆటను జట్లు అభ్యాసములో పలుమాఱు లాడుకొనును. జనుల కేకలను యంత్రముద్వారా వినిపించుచు ఆ హోరులో సాధన చేయుటయు గలదు. మోంటానాకు శిక్షకుడైన బిల్‌ వాల్ష్‌ ఆట ప్రారంభమున చేయవలసిన యత్నములను ముందుగనే కాగితముపై వరుసగా వ్రాసియుంచువాడు. కలవరములేని వేళ ఆలోచించిన ఆలోచనయే కలవరపు వేళ ఆదుకొనునని ఆయన యెఱుగును.

కాబట్టి ఇట్టి వాదమున దిగువారు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మా అభిప్రాయము. ఎన్ని ఆటలు చూచి ఈ మాట చెప్పుచున్నాము? ఆ ఫలితములో ఇతరుల పాలెంత, నాణెము పాలెంత? తనకు దక్కిన రెండు మూడు సెకనులలో ఆ మనుష్యుడు చేసినదేమి? ఈ మూడవ ప్రశ్నకు మాత్రమే క్వార్టర్‌బ్యాక్‌ ఉత్తరవాది.

విద్యార్థులును ఏటేట ఒక్కనాటి పరీక్షతో కొలువబడువారే. ఆనాటి నిబ్బరము అంతకుముందటి నెలల సాధనలో నున్నదని వారు గ్రహింతురు గాక. ఒక్కనాటి ఫలితమును జూచి బిడ్డకు పిఱికివాడను పేరు పెట్టరాదని తలిదండ్రులును, మావంటి ఉపాధ్యాయులును జ్ఞాపకముంచుకొందుము గాక. అట్టి పేరు పెట్టుట క్షణకాలపు పని. దానిని తుడిచివేయుటకు మానింగ్‌ వంటివానికే యేండ్లు పట్టినవి.